విత్తన రైతుల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, యువ రైతులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది మనం గట్టిగా పట్టుకున్న పని ఒక్కటే: చల్లే ముందు విత్తనాన్ని నానబెట్టడం. నిరుడు కొందరు సభ్యులు దాళ్వాలో (రబీ పంటలో) కోసిన వడ్లనే సార్వా (ఖరీఫ్) నారుమడికి వాడారు. మడి పలచబడింది. విత్తనం చచ్చిందని అందరం అనుకున్నాం గానీ అది నిద్రావస్థలో ఉంది. కొత్త వడ్లకు కొన్ని వారాలు ఆ నిద్ర సహజం.

అందుకే జ్యేష్ఠంలో బడి ఆవరణలో మూడు రోజుల ప్రదర్శన పెట్టాం. సంఘం చరిత్రలో ఇంత నిండుగా జరిగిన కార్యక్రమం మరొకటి లేదని ధైర్యంగా చెబుతున్నాను. ముందు కోడిగుడ్డు తేలేదాకా నీటిలో ఉప్పు కలిపి వడ్లు పోశాం. తేలిన తాలును తీసేసి, అడుగున మిగిలిన గింజలను మంచినీళ్లతో రెండుసార్లు కడిగాం. నిద్ర వదిలించడానికి ఆ గింజలను గాఢ నత్రికామ్లం (నైట్రిక్ ఆసిడ్) కలిపిన నీటిలో నానబెట్టాం: లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, నిద్ర గట్టిగా ఉన్న రకానికి 10 మిల్లీలీటర్లు. ప్లాస్టిక్ తొట్టెలోనే, చేతికి తొడుగులు వేసుకుని, నీటిలోకి ఆమ్లం పోయాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే చిమ్మి ఒళ్లు కాలుతుంది. 24 గంటలు నానాక వంపి, కడిగి, తడి గోనెలో మరో 24 గంటలు మండె కట్టాం, అంటే మొలకెత్తడానికి మూటగా కట్టి ఉంచాం. మూడో రోజు ఉదయం గోనె విప్పితే వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. గింజ గింజకూ తెల్లటి ముక్కు పగిలి ఉంది. ఒక పెద్దాయన గుప్పెడు తీసుకుని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. పక్కనే ఉత్త నీటిలో నానబెట్టిన అవే వడ్లు సగం కూడా మొలవలేదు.

అన్ని విత్తనాలకూ ఇదే లెక్క వర్తించదని కూడా చెప్పాం. తొక్క గట్టిగా ఉండే కాకరకు ఒక రోజు నానుడు మేలు. శనగను రాత్రి 8 గంటలు నానబెట్టి, నీడన పైతడి ఆర్చి, ఆ రోజే విత్తాలి. సోయాను మాత్రం నానబెట్టకండి. నీటిని ఒక్కసారిగా పీల్చుకుని మొలక దెబ్బతింటుంది.

ఆవరణ ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, తొట్టెలు, గోనెలు తెచ్చిన మహిళా సభ్యులకు, ఉప్పు నుంచి గుడ్లదాకా చందాగా ఇచ్చిన దుకాణదారులకు, వంటచేసిన అక్కలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఆమ్లం కొలిచి ఇచ్చిన బడి రసాయన శాస్త్రం మాస్టారికి ప్రత్యేక వందనాలు. ఆయన లేకపోతే ఆ తొట్టె ముట్టుకునే ధైర్యం మాకెవరికీ లేదు.

ఒక మాట బాధతోనే చెబుతున్నాను. మండెపై రాత్రి నీళ్లు చిలకరించడానికి పేర్లిచ్చిన పన్నెండు మందిలో వచ్చింది ఇద్దరు. గోనె ఎండిపోతుంటే ఆ ఇద్దరూ తెల్లారేదాకా కూర్చున్నారు. ప్రారంభానికి వస్తామన్న అధికారి మూడు రోజులూ రాలేదు. ఫోను చేస్తే సమావేశంలో ఉన్నామన్నారు. కుర్చీ ఖాళీగానే ఉంచాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి వద్ద ఉంది, ఆడిట్ పూర్తయింది. చందా బకాయిలు ఈ రోజే చెల్లించగలరు.

రాబోయే సార్వాకు ప్రతి సభ్యుడూ నారు పోయడానికి వారం ముందు వంద గింజలు తడిగుడ్డలో చుట్టి మొలకలు లెక్కపెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ఎనభైకి తగ్గితే వెంటనే నాకు చెప్పండి. తొట్టెలు మా ఇంటి వసారాలోనే ఉన్నాయి.

కార్యదర్శి