మధ్యాహ్నం పార్కుకు తాళమెందుకు?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ వస్తే కైలాసగిరి, బీచ్ రోడ్డు ఎవరైనా చూపిస్తారు. నాకు మాత్రం మా అక్కావాళ్ల కాలనీలోని చిన్న పార్కే నచ్చింది. పొద్దున్నే బాదం చెట్టు కింద చెప్పులు విడిచి యోగా చేసే ఆడవాళ్లు, గేటు పక్కన రాగిజావ బండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చెట్లు కూల్చిన చోట మళ్లీ నాటినవట, ఇప్పుడు మంచి నీడ. తీరా ఆ నీడ కావాల్సిన మధ్యాహ్నం వేళ గేటుకు తాళం! అక్కాబావా డ్యూటీకెళ్తే ఇంటికీ తాళమే. సాయంత్రం రైలు దాకా సంచితో ఎక్కడ కూర్చోవాలి? పాత జైలు స్థలంలోని సెంట్రల్ పార్కు ఉంది గానీ, అది మాకు దూరం. వాచ్‌మన్‌ను అడిగితే, "జంటలు వచ్చి కూర్చుంటారండీ" అన్నాడు. కూర్చోనివ్వండి, బెంచీలు వేసింది అందుకేగా! కాలనీ పార్కులను పగలంతా తెరిచి, తాగునీటి కుళాయి ఒకటి పెట్టించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక ప్రయాణికుడు, రాజమహేంద్రవరం