పందికొక్కు ఇంగ్లీషు వేషం

తెనాలి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

సిడ్నీలో మీ పెరటి గడ్డిలో రాత్రికి రాత్రే గరాటు ఆకారంలో గుంటలు పడుతున్నాయనీ, పొరుగావిడ చూసి అది ‘బాండికూట్’ పనేనని చెప్పిందనీ రాసి, ఆ మాటకు అర్థమేమిటని అడిగావు. అది మన పందికొక్కే తల్లీ! మన దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్ల నోట పడి ‘పంది’ కాస్తా ‘బాండి’గానూ, ‘కొక్కు’ ‘కూట్’గానూ మారిపోయాయి. 1886లో యూల్, బర్నెల్ ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా దీన్ని తెలుగు మాటగానే చెబుతుంది.

అయితే మాట మనదే గాని, మీ పెరట్లోని జంతువు మనది కాదు. ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్లు కోసుమూతితో నేల తవ్వుకునే ఆ ప్రాణిని చూసి, ఇక్కడ నేర్చిన పేరునే దానికి తగిలించారు. నిజానికది ఎలుక జాతే కాదు. కంగారూలాగా పిల్లలను పొట్టసంచిలో పెంచుతుంది, పైగా తవ్వేటప్పుడు మట్టి చొరబడకుండా ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. మట్టిలోని పురుగుల కోసమే ఆ గుంటలు. అక్కడి చట్టం దానికి రక్షణ ఇస్తోంది కాబట్టి మందు పెట్టే ఆలోచన చేయవద్దు.

మన పందికొక్కు సంగతి వేరు. కోతలయ్యాక మీ తాతయ్య గట్టు తవ్విస్తే, గడ్డపార మూరెడు దిగేసరికి, కత్తిరించి దొంతరగా పేర్చిన వరి వెన్నులు బయటపడేవి. ఒక్క కలుగులోనే అరతట్ట ధాన్యం దొరికిన ఏడు నాకింకా గుర్తుంది. ‘గాదె కింద పందికొక్కు’ అని ఊరికే అనలేదు మనవాళ్లు.

వాడుకలోనూ తేడా గమనించు. ఇక్కడి ఇంగ్లీషు పత్రికల్లో ‘బాండికూట్’ అంటే ఈ ధాన్యపు దొంగ; అక్కడ మాత్రం ఆ సంచి జీవి. ఆస్ట్రేలియావాళ్లు దాన్ని క్రియగా కూడా వాడతారు: పైన మొక్క కదలకుండా కింది నుంచి బంగాళాదుంపలు కాజేయడాన్ని ‘బాండికూట్ చేయడం’ అంటారు. తెలుగులో మనకు ఆ సౌకర్యం లేకపోయింది.

పొరుగావిడకు అసలు పేరు పలకడం నేర్పించు. ‘క్కు’ దగ్గర తడబడుతుంది. మీ అమ్మకు ఇదంతా చదివి వినిపించాను గాని, పందికొక్కు అన్న మాట చెవిన పడగానే, బియ్యం డబ్బా నేలమీద పెట్టవద్దని నీకు రాయమంటోంది.

ఇట్లు,
మీ నాన్న