డిపాజిట్ బీమా గురించి చెప్పేవారే లేరా?

సంపాదకులకు,

మా వీధిలోని సహకార బ్యాంకులో డబ్బు తీసుకోవడంపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినప్పటి నుంచి మల్లేశ్వరంలో మనుషుల తీరే మారిపోయింది. గుడి దగ్గర పూలమ్మే ఆమె ఫోనులో డబ్బు పంపుతానంటే ఒప్పుకోవడం లేదు, నోట్లే కావాలంటోంది. మా అపార్ట్‌మెంటు సంఘం కోశాధికారిని మొన్నటి సమావేశంలో దొంగను ప్రశ్నించినట్లు ప్రశ్నించారు. పాపం, ఆయనకు ఆ బ్యాంకులో ఖాతా కూడా లేదు!

బ్యాంకు చేతులెత్తేసినా ఒక్కో ఖాతాదారుకు ఒక పరిమితి వరకు సొమ్ము దక్కేలా చూసేదే డిపాజిట్ బీమా. 1993 నుంచి లక్ష రూపాయలే ఉన్న ఆ పరిమితిని 2020 ఫిబ్రవరి 4న 5 లక్షలకు పెంచారు. అందులో అసలూ వడ్డీ కలిసే ఉంటాయి. ఆంక్షలు పడితే 90 రోజుల్లో ఆ సొమ్ము ఇవ్వాలని 2021లో చట్టాన్ని సవరించారు. ఈ నాలుగు ముక్కలు ఖాతాదారులకు చెప్పే నాథుడు లేడు. తలుపుకు అంటించిన నోటీసు ఇంగ్లీషులో ఉంది. విచారణ కిటికీ మూసేశారు. ముసలివాళ్లు పాస్‌పుస్తకాలు పట్టుకుని ఒకరినొకరు అడుగుతున్నారు.

కన్నడ, తమిళం, తెలుగుల్లో నోటీసు పెట్టి, రోజూ ఒక అధికారిని అక్కడ కూర్చోబెట్టాలి. నా పింఛను సొమ్ము కూడా అందులోనే ఉంది కాబట్టి ఈ విసుగు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
మల్లేశ్వరం, బెంగళూరు