కాసింది పంచుకునే జాగా ఒకటి కావాలి

సంపాదకులకు నమస్కారం.

భాద్రపదం వచ్చిందంటే మా కాజీపేటలో పెరడున్న ప్రతి ఇంట్లో ఒకటే మాట. "వదినా, గిన్ని బీరకాయలు మేమేం జేసుకుంటం, నాలుగు తీస్కపో." మృగశిర కార్తెలో పెట్టిన తీగలన్నీ ఇప్పుడు ఒక్కసారే కాపుకొచ్చాయి. ఒక్క బీరపాదు బాగా పారితే నలుగురున్న ఇంటికి మించిపోతుంది. అట్లా మిగిలిన కూరగాయలు, పండ్లు పంచుకోవడానికి కాలనీకో జాగా ఉండాలని, ఆ సంగతి నలుగురి ముందు పెట్టాలని మీకు రాస్తున్నాను.

మాది పాత ఇల్లు. మా ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇంటెనుక ఉన్న కొద్దిపాటి జాగాలో జామ, నిమ్మ, మునగ, కల్యామాకు చెట్లున్నాయి. పందిరి మీద బీర, సోర, కాకర. గోడవారకు పుంటికూర, బచ్చలి. రెండు తొట్లలో చపాట మిర్చి పెట్టాను. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ మిర్చి అది. కారం తక్కువ, రంగు మాత్రం చూసి తీరాల్సిందే. టమాటలాగా గుండ్రంగా ఉండే ఆ కాయలు తొక్కులో వేస్తే వేరే రంగు అక్కర్లేదు.

పెరటి కాపు దాచుకునేది కాదు. బీర పువ్వు సాయంత్రం పూట విచ్చుకుంటుంది. ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె అప్పటికే ఉంటుంది. అది చూస్తుండగానే మూరెడు కాయవుతుంది. బొటనవేలి గోరు నొక్కితే సులువుగా దిగినప్పుడే కొయ్యాలి. రెండు మూడు రోజులు ఆగితే లోపల పీచు పడుతుంది, కూరకు పనికిరాదు. బెండకాయదీ అదే కథ, రోజు విడిచి రోజు కొయ్యకపోతే ముదిరి కట్టెలాగా అవుతుంది. ఇక జామకు కోతుల బాధ. మన ఉత్తర తెలంగాణలో ఈ బాధ తెలియని ఊరు లేదు. మా పెరట్లో కాకరను ముట్టవు కానీ జామ పండనివ్వవు. అందుకే కాయ దోరగా ఉండగానే చెట్టంతా ఒక్కరోజే దులుపుకోవాల్సి వస్తుంది. ఆ రోజు ఇంట్లో రెండు బుట్టల కాయలుంటాయి, తినేది మేమిద్దరం.

ఇదివరకు ఇది అసలు సమస్యే కాదు. మా అత్తమ్మ ఉన్నప్పుడు సోరకాయ కోస్తే సగం మాకు, సగం పక్కింటికి. ఆ సాయంత్రం వాళ్లింటి నుంచి సోరకాయ తురిమి వేసిన సర్వపిండి మా ఇంటికి వచ్చేది, అంచులు కరకరలాడుతూ, నువ్వులు అక్కడక్కడా మాడి. బీరకాయ ఇచ్చిన ఇంటి నుంచి బీరపొట్టు తొక్కు వచ్చేది. ఇచ్చినవాళ్లు లెక్క రాసుకోలేదు, తీసుకున్నవాళ్లు మొహమాటపడలేదు.

ఇప్పుడు మా వాడకట్టు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. అందులో ఉండేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పరిచయం లేదు అంతే. తలుపు తట్టి కాయలిస్తే ఏమనుకుంటారో అని మాకు టెన్షన్. ఊరికే ఎట్లా తీసుకుంటాం అని వాళ్లకు మొహమాటం. దీంతో జామకాయలు గోడ పక్కన పడి కుళ్లుతున్నాయి, రెండు గల్లీలు దాటితే పిల్లలు అవే జామకాయలు కొనుక్కుంటున్నారు. ఒక్క బతుకమ్మప్పుడే ఈ మొహమాటం పోతుంది. గుమ్మడి పువ్వు కోసం ఎన్నడూ మాట్లాడని ఆమె కూడా గేటు తీసుకుని వచ్చి "అక్కా, ఒక్క పువ్వియ్యవా" అని అడుగుతుంది. పువ్వు అడిగే చనువు సోరకాయకు ఎందుకుండకూడదు?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని ఉంది. నలుగురున్న ఇంటికి అది రోజుకు కిలోన్నర పైన కూరగాయలు. ఎంతమంది కొనగలుగుతున్నారు? 2023 జూలైలో టమాట కిలో 100 రూపాయలు దాటినప్పుడు మా ఇంట్లో పులుపంతా పుంటికూరతోనే నడిచింది. అప్పుడు అడిగిన ప్రతి ఇంటికీ గుప్పెడు ఆకు ఇవ్వగలిగాను. దీనివల్ల రైతుబజారులో కూర్చునే ఆడబిడ్డల బేరం తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, వంకాయ మేమూ వాళ్ల దగ్గరే కొంటాం. పెరట్లో కాసేది ఏడాదిలో కొన్ని నెలలే.

నేను అడిగేది చిన్నది. ప్రతి కాలనీలో పార్కో, కమ్యూనిటీ హాలు అరుగో ఉంది. ఆదివారం పొద్దున రెండు గంటలు అక్కడ ఒక టేబుల్ వేసుకోనివ్వండి. పెరడు, మిద్దెతోట ఉన్నవాళ్లు ఆ పొద్దున కోసినవి తెచ్చి పెడతారు, కావలసినవాళ్లు తీసుకుపోతారు. డబ్బు మాట ఉండొద్దు. మందు కొట్టినవి తేవొద్దు. సోర, బీర, దోస కొసన చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూసే తేవాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయను పారేయాల్సిందే. ఆ చేదు ఉడికించినా పోదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మన పెద్దవాళ్లు రుచి చూడకుండా సోరకాయ ఎన్నడూ వండలేదు. పంచేటప్పుడు ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మిగిలినవి దగ్గర్లోని అంగన్‌వాడీకి ఇవ్వొచ్చు. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ ఒక పూట భోజనం పెడుతున్నారు, తాజా ఆకుకూర వాళ్లకు ఎంతో అక్కరకొస్తుంది.

ఆ టేబుల్ మీద విత్తనాలు కూడా ఉండాలని నా కోరిక. మా పందిరి మీద ఒక మంచి బీరకాయను కొయ్యకుండా వదిలేస్తాను. అది ఎండి గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలమంటుంది. కొసన మూతలాంటిది ఊడిపోతే నల్లటి గింజలు చేతిలోకి జలజలా రాలుతాయి. వాటిని బూడిదలో కలిపి సీసాలో పెడతాను. ఈ నాటు బీర మా అత్తమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. ప్యాకెట్లో కొన్న హైబ్రిడ్ కాయ గింజ పెడితే మళ్లీ అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు, ఇది మాత్రం ఏటా అట్లాగే కాస్తోంది. నా ఒక్క సీసాలో ఉంటే ఒక్క ఏడు వాన ఎక్కువై పాదు కుళ్లినా ఆ విత్తనం పోయినట్టే. పది ఇళ్లలో ఉంటే ఎవరో ఒకరి దగ్గర మిగులుతుంది. నా దగ్గర లేని నాటు కాకర, తెల్ల వంకాయ గింజ ఎవరింట్లో ఉందో నాకూ తెలుస్తుంది.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కాలనీ సంఘాల పెద్దలు, మన కార్పొరేషన్ అధికారులు ఈ ఉత్తరం చదివితే ఒకసారి ఆలోచించండి. ఇప్పటికే ఎక్కడైనా ఇట్లా పంచుకుంటున్నవాళ్లుంటే ఎట్లా నడుపుతున్నారో మీ పత్రికకు రాయమని మనవి. మా వాడకట్టులో కొందరం ఆడవాళ్లం సిద్ధంగా ఉన్నాం. బతుకమ్మ పండుగ అయ్యాక చిక్కుళ్లు మొదలై సంక్రాంతి దాకా కాస్తాయి, చలికాలం జామ కూడా అప్పుడే. ఈ వానకాలం కాయల్లాగా పురుగు ఉండదు, తియ్యగా ఉంటుంది. ఆలోపు ఆదివారం పొద్దున పార్కు తాళం తీయించి పెడితే చాలు, టేబుల్ మేమే తెచ్చుకుంటాం.

— ఒక పాఠకురాలు,
కాజీపేట, హనుమకొండ జిల్లా