సోమవారం నుంచి బండి వస్తుంది, సగం మందితోనే

మా వ్యాన్‌లో పిల్లల్ని పంపే అమ్మానాన్నలందరికీ నమస్కారం.

కరోనాతో మూతపడ్డ బడులు ఈ సోమవారం, 2021 ఆగస్టు 16న, మళ్లీ తెరుస్తున్నారు. బండి వస్తుందా అని మూడు రోజులుగా ఒకటే ఫోన్లు. వస్తుంది, కానీ మునుపటిలా కాదు.

తరగతి గదికి 20 మందికి మించకూడదని ప్రభుత్వం చెప్పింది. మన 17 సీట్ల బండిలో నేను ఎక్కించింది 22 మందిని. మీరూ చూశారు, ఎవరూ అడగలేదు, నేనూ తగ్గించలేదు. బడిలో ఎడంగా కూర్చున్న పిల్లల్ని ఇంటికొచ్చేటప్పుడు ఒకరి ఒళ్లో ఒకర్ని కుక్కితే ఇంకేం లాభం? ఇకపై ట్రిప్పుకు 10 మందే. కొర్లగుంట వాళ్లకు ఉదయం 7.10కి, బైరాగిపట్టెడ వాళ్లకు 8.10కి. మన తిరుపతిలో కడుతున్న గరుడ వారధి ఫ్లైఓవర్ పనులతో లీలామహల్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఆ వెంకన్నకే తెలియాలి, పది నిమిషాలు ఆలస్యమైతే తిట్టుకోకండి.

రెండు ట్రిప్పులు, వందకు చేరువైన డీజిల్. అందుకే నెలకు 900 ఉన్నది 1,300 చేస్తున్నాను. కష్టంగా ఉన్నవాళ్లు నాకు విడిగా ఫోన్ చేయండి. 2020 మార్చి 19న బడులు మూసినప్పుడు నెలంతటి డబ్బూ నా దగ్గరే ఉండిపోయింది. అప్పుడు కట్టినవాళ్లకు ఈ నెలలో 300 తగ్గిస్తాను.

ఇంకో మాట చెప్పాలి. మొన్న ఫిబ్రవరిలో చిన్న తరగతులు మొదలయ్యాక ఒక బాబు నీరసంగా ఎక్కాడు. చెయ్యి పట్టుకుంటే వేడిగా ఉంది. క్లాసు పోతుందని వాళ్లమ్మ చెప్పలేదు, నేనూ చూసీ చూడనట్టు కూర్చోబెట్టాను. తర్వాత పాజిటివ్ వచ్చింది. బండి ఆగిపోతుందన్న టెన్షన్‌తో మూడు రోజులు మీకెవరికీ చెప్పలేదు. తప్పు నాదే. ఇకపై అలాంటిదేమైనా తెలిస్తే, పిల్లల పేరు చెప్పకుండా, ఆ రోజే ఆ ట్రిప్పు వాళ్లందరికీ మెసేజ్ పెడతాను. మీరూ దగ్గు, జ్వరం దాచకండి. పిల్లలకింకా టీకా రాలేదు. నాకు రెండు డోసులూ అయ్యాయి. మా ఆయమ్మకు ఒకటే అయింది, కోవిషీల్డు కదా, రెండోదానికి 84 రోజులు ఆగాలి.

బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువును కేంద్రం సెప్టెంబరు 30 దాకా పెంచినా నేను ఆగలేదు. ఇన్ని నెలలు బడి మొహం సరిగా చూడని బండి కదా, బ్రేకులు విప్పించి చూపించాను, రెండు టైర్లు మార్చాను.

శానిటైజర్ ఉంటుంది. కానీ ఈ జబ్బు ఎక్కువగా గాలి ద్వారానే అంటుతుంది కాబట్టి కిటికీలన్నీ తీసే ఉంచుతాను, ఏసీ వేయను. వానొస్తే జల్లు కొడుతుంది, బ్యాగులో రెయిన్‌కోటు పెట్టండి.

అన్నట్టు, బడులు లేని రోజుల్లో కిస్తీ కట్టడానికి సీట్లు విప్పేసి మదనపల్లి నుంచి టమాటా తోలాను. బడి బండి పర్మిట్ సరుకు తోలడానికి ఒప్పదని తెలిసే చేశాను. రెండుసార్లు కడిగించినా వాసన పూర్తిగా పోలేదు. కిటికీలు తీసే ఉంటాయి కదా, నాలుగు రోజుల్లో పోతుంది.