‘షుగర్ ఫ్రీ’ మిఠాయి, పేగుకు తెలిసిన లెక్క

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో మధుమేహం గురించి వచ్చే వ్యాసాలను ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతున్నవాణ్ణి. వాటిలో దాదాపు ప్రతిదానిలోనూ నోరు కట్టుకోవాలనీ, నాలుకను అదుపులో పెట్టుకోవాలనీ ఏదో ఒక రూపంలో సలహా కనిపిస్తుంది. తీపి మీదికి మనసు పోవడమంతా నాలుక చేసే ఆగడమేనన్న నమ్మకం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, నాలుకకు తీపి తగిలించి ఒంట్లోకి చక్కెర పోకుండా చూసుకుంటే చాలుననుకుంటున్నాం. నగరంలో వీధికొకటిగా వెలసిన ‘షుగర్ ఫ్రీ’ మిఠాయి కౌంటర్లు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పినవాడిగా దీని మీద నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. మా బావమరిదికి పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పోయిన దీపావళికి పేరున్న ఒక దుకాణం నుంచి అరకిలో మిఠాయి డబ్బా తెచ్చుకున్నాడు. మూత మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘షుగర్ ఫ్రీ’ అని ఉంది. లోపల ఖర్జూరం, అంజీర్, జీడిపప్పు కలిపి చుట్టి, పైన గసగసాలు అద్దిన బిళ్లలు. "ఇందులో చక్కెరే లేదు బావా" అంటూ టీవీ ముందు కూర్చుని ఆరు తిన్నాడు. రెండు గంటలు గడిచాక వాళ్లక్క పోరు పడలేక వేలికి సూది గుచ్చుకుని చూసుకుంటే గ్లూకోమీటర్ 287 చూపించింది. మర్నాడు నేనే ఆ దుకాణానికి వెళ్లి అడిగాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు ఏమాత్రం తడుముకోకుండా "షక్కర్ ఒక్క చెంచా గూడ వెయ్యలే సార్, అంత ఖజూరే" అన్నాడు. అతను అబద్ధమాడలేదు. కాకపోతే ఎండు ఖర్జూరం బరువులో 60 శాతానికి పైగా చక్కెరలే ఉంటాయన్న సంగతి అతనికీ తెలియదు, డబ్బా మీద అచ్చువేసినవారూ చెప్పలేదు.

నాలుక తీపిని ఎలా పసిగడుతుందో 2001 ప్రాంతంలో స్పష్టమైంది. రుచిమొగ్గల్లోని కణాల మీద టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రొటీన్లు జంటగా కూడి ఒక గ్రాహకంగా పనిచేస్తాయి. చక్కెర అయినా, కృత్రిమ తీపులైన శాకరిన్ అయినా, సుక్రలోజ్ అయినా ఆ జంటకు తగిలితే తీపి అన్న కబురు మెదడుకు వెళ్తుంది. (పిల్లిలో మొదటి ప్రొటీన్‌కు చెందిన జన్యువు చెడిపోయింది కనుక అది పాలకోవా తిన్నా తీపి కోసం తినదు.) ఈ గ్రాహకాన్ని కొంతసేపు మూసేసే ఆకు ఒకటి మన ఆయుర్వేదానికి బాగా తెలుసు. అదే పొడపత్రి. మా ప్రహరీ మీద పాకిన తీగ నుంచి ఒకరోజు రెండు ఆకులు తెంపి నమిలాను. చేదు దిగాక చిటికెడు చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టు ఉంది. పలుకులు పళ్ల కింద నలిగాయి, కరిగాయి, తీపి జాడ మాత్రం లేదు. ఆ వెంటనే తెప్పించుకున్న ఇరానీ చాయ్ పాలు పోసిన కషాయంలా తోచింది. అరగంటకు పైగా అదే పరిస్థితి. నాలుక మూగబోయిన ఆ సమయంలోనూ చాయ్‌లోని చక్కెర నా పేగుకు చేరింది. నాలుక గుర్తుపట్టని ఆ చక్కెరను మెదడు గుర్తుపడుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

గుర్తుపడుతుందని చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. తీపి రుచి అసలు తెలియకుండా జన్యువు మార్చిన చిట్టెలుకల ముందు మంచినీళ్లు, చక్కెర నీళ్లు పెడితే, అవి కొద్ది రోజుల్లోనే చక్కెర నీళ్ల వైపు మొగ్గు చూపడం నేర్చుకున్నాయని 2008లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. 2020లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జూకర్ బృందం చేసిన పని ఇంకా విశదమైనది. మామూలు చిట్టెలుకలకు ఒక సీసాలో చక్కెర నీళ్లు, మరో సీసాలో ఎసిసల్ఫేమ్ అనే కృత్రిమ తీపి కలిపిన నీళ్లు పెట్టారు. మొదట రెండింటినీ సమానంగానే తాగిన చిట్టెలుకలు, 48 గంటలయ్యేసరికి దాదాపు పూర్తిగా చక్కెర సీసాకే అతుక్కుపోయాయి. చక్కెర పేగును చేరినప్పుడు, పేగునూ మెదడునూ కలిపే వేగస్ నాడి ద్వారా మెదడు కాండంలోని ఒక చిన్న నాడీకణ సమూహానికి సమాచారం అందుతున్నదనీ, ఆ కణాలను నిశ్శబ్దం చేస్తే చక్కెర మీద ఈ ప్రత్యేక మక్కువ ఏర్పడదనీ వారు చూపారు. కృత్రిమ తీపి ఆ కణాలను కదిలించలేదు. శరీరం ఖర్చుచేసుకోలేని, గ్లూకోజ్‌ను పోలిన ఒక అణువు మాత్రం కదిలించింది. అంటే పేగు అక్కడ కేలరీలను లెక్కపెట్టడం లేదు, గ్లూకోజ్ ఆకారాన్నే గుర్తుపడుతున్నది.

అలా గుర్తుపట్టడంలో ముఖ్యపాత్ర పేగు గోడలోని ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకానిది, అంటే గ్లూకోజ్‌ను కణంలోకి చేరవేసే ప్రొటీన్‌ది. ఈ పేరు తెలియకపోయినా దాని పనిని మన ఇళ్లలో అందరం వాడుకున్నాం. విరేచనాలు పట్టుకున్న పసిపిల్లలకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టిస్తే తేరుకోవడానికి కారణం, ఈ వాహకం సోడియంనూ గ్లూకోజ్‌నూ కలిపి లోపలికి లాగడం, వాటి వెంట నీరు రావడం. దీన్ని అడ్డుకునే మందు ఇచ్చినప్పుడు పైన చెప్పిన నాడీ స్పందన కూడా ఆగిపోయింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో డియేగో బొహోర్కెజ్ బృందం 2018లో, ఆ తర్వాత 2022లో చేసిన పరిశోధనల్లో పేగు లోపలి పొరలోని కొన్ని కణాలు నేరుగా వేగస్ నాడితో అనుసంధానమై, చక్కెరకూ కృత్రిమ తీపికీ తేడా పట్టగలవని తేలింది. ఖర్జూరమైనా, బెల్లమైనా, తేనె అయినా పేగుకు చేరేసరికి అందులోని గ్లూకోజ్ గ్లూకోజే. మూత మీది ఆకుపచ్చ అక్షరాలు అక్కడిదాకా వెళ్లవు.

పేగు కబురు చాలదన్నట్టు, రక్తంలోకి చేరిన గ్లూకోజ్‌ను మెదడు స్వయంగా కూడా కనిపెడుతుంది. శరీరం బరువులో రెండు శాతమే ఉండి, శక్తిలో ఐదో వంతు వాడుకునే అవయవానికి ఆ జాగ్రత్త సహజమే. ఇక్కడ మన దేశపు శాస్త్రజ్ఞుణ్ణి తలచుకోవాలి, పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనబడకపోవడం నాకు ఎప్పుడూ బాధే. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి, మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో ఆకలి కేంద్రాన్ని గుర్తించిన బాలకృష్ణ ఆనంద్, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో సహచరులతో కలిసి, గ్లూకోజ్ పెరిగినప్పుడు, తిన్నది చాలనిపించే తృప్తి కేంద్రంలోని నాడీకణాలు చురుకెక్కడం, ఆకలి కేంద్రంలోనివి నెమ్మదించడం ఒక్కొక్క కణం దగ్గర నమోదు చేసి 1964లో ప్రచురించారు.

చిట్టెలుకల్లో తేలినదంతా మనిషికి యథాతథంగా వర్తిస్తుందని నేను అనను. చిట్టెలుకకు దీపావళి లేదు, వదినగారి బలవంతమూ లేదు. కృత్రిమ తీపిని పూర్తిగా మానేయమని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. బరువు తగ్గడం కోసం వాటిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసినప్పుడు, ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సిఫారసు వర్తించదని కూడా చెప్పింది. వారి సంగతి వారి వైద్యులు చూసుకుంటారు. అయితే నాలుకను ఏమార్చినంత మాత్రాన మెదడుకు చక్కెర మీద ఉన్న ఎరుక పోదన్నది ఇప్పుడు గట్టి ఆధారమున్న మాట. కాబట్టి తీపి మానలేకపోతున్న మనిషిని నాలుక మీద అదుపు లేనివాడని మందలించే వ్యాసాలను తగ్గించి, అతని ముందున్న పదార్థంలో ఏ చక్కెర ఎన్ని గ్రాములుందో చెప్పే వ్యాసాలు మీ పేజీలో ఎక్కువ రావాలని కోరుతున్నాను. దేశంలో మధుమేహులు 10.1 కోట్లని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో లెక్కతేల్చాక ఇది కొద్దిమంది సమస్య కాదు.

దుకాణాల విషయంలో నా కోరిక చిన్నది. ప్యాకెట్ల మీద చక్కెర ఎంతో అచ్చువేస్తున్నారు. విడిగా తూచి అమ్మే మిఠాయికి ఆ లెక్క కనిపించదు. విడి మిఠాయిల ట్రేల దగ్గర అవి ఏ తేదీలోగా తినాలో రాయాలని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టింది. తేదీ రాసే ఆ చీటీ మీదే ఒక బిళ్ల బరువు, అందులోని మొత్తం చక్కెరలు, కృత్రిమ తీపి వాడితే దాని పేరు రాయడానికి మరో రెండు గీతల చోటు సరిపోతుంది. లెక్క వేయడం కష్టమనేవారికి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలు ఈ ఊళ్లోనే తయారయ్యాయని గుర్తుచేస్తున్నాను. ధరను గ్రాముల లెక్కన చెప్పే దుకాణదారుకు చక్కెరను గ్రాముల్లో చెప్పడం భారం కాకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నల్లకుంట, హైదరాబాద్