మందుల కిటికీ దగ్గర మాట్లాడే మనిషి కావాలి

వరంగల్ జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి,

నమస్కారం. ఓపీ చీటీ పట్టుకొని లైన్ల నిలబడ్డ పెద్దమనిషికి చివరికి దక్కేది "పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి" అన్న ముక్క. కౌంటర్లో ఉన్నవాళ్ల తప్పు కాదు, వెనక జనం అట్లుంటరు.

డాపాగ్లిఫ్లోజిన్ సంగతి చూడండి. షుగర్ మందుగా వచ్చింది. గుండె బలహీనపడ్డవాళ్లకు మేలని 2019లో, కిడ్నీ జబ్బుకూ పనికొస్తుందని 2020లో పెద్ద పరిశోధనలు తేల్చాయి. అదే 2020లో పేటెంటు ముగిసి మన దగ్గర ధర దిగింది. సంతోషమే. కానీ వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ గోళీ ఆపాలని ఎవరు చెప్తున్నారు? శివరాత్రి ఒక్కపొద్దుకు ముందు డాక్టర్‌ను అడగమని? లేకుంటే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. షుగర్ మీటరేమో అంత ఎక్కువేం చూపించకపోవచ్చు.

ఇంకో షుగర్ గోళీ మెట్‌ఫార్మిన్‌దీ ఇదే కథ: ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే లెక్క, 30 కిందికి పోతే వాడొద్దు. ఆ రిపోర్టు చీటీ వెనకాలే పిన్ను కొట్టి ఉంటది, తిప్పి చూసే తీరిక ఉండదు.

మందు గురించి రోగికి వివరించడం ఫార్మసిస్టు పనేనని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లోనే ఉంది. ఫార్మ్-డి (ఫార్మసీలో డాక్టరేట్ చదువు) చదివినవాళ్లు జిల్లాలో ఖాళీగా ఉన్నారు. షుగర్, బీపీ ఓపీ రోజుల్లో కిటికీ పక్కన ఒక బల్ల వేయించి, ఒకరిని కూర్చోబెట్టండి. తెలుగులో, ఉర్దూలో పెద్దక్షరాల చీటీలు అచ్చేయించండి.

ఇట్లు,
హనుమకొండ ఫార్మసిస్టు ఒకరు